బావమరుదుల విహార నౌక

మందారగిరి రాజు చిత్రసేనుడికి శత్రురాజులంటే భయం లేదు. బావమరుదులంటే మాత్రం ఉంది. ఈ సంగతి ఆయన ఏనాడూ పైకి అనలేదు.

రాణిగారి పోరు పడలేక ఆమె తమ్ముళ్ళిద్దరికీ ఉమ్మడిగా ఒక విహార నౌక చేయించి ఇచ్చాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. వెన్నెల కాసిన నాడు పెద్దవాడు ప్రోలరాజు నాదంటే, చిన్నవాడు బయ్యపరాజు కాదు నాదని ఎగబడేవాడు. చిల్లులు పూడ్చాల్సిన నాడు ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వచ్చేది.

ఒకరోజు నిండు కొలువులోనే మొదలెట్టారు.

"పున్నమి విహారం నాది! నేను లేకపోతే ఆ నౌకకి అందమేముంది?" అన్నాడు ప్రోలరాజు మీసం దువ్వుతూ.

"నీ బరువుకి మునక్కుండా ఉంటే అదే పదివేలు అన్నయ్యా!"

రాజుకి చిర్రెత్తుకొచ్చింది. "సాయంత్రంలోగా అదెవరిదో తేలాలి. లేదా తగలబెట్టిస్తాను!"

రాణిగారికి తాంబూలం అందించే నాగసాని ఆ మాట విని ముందుకొచ్చింది. ఆ నౌక నడిపే సరంగు ఆమె మొగుడే. నౌక కాలిపోతే వాళ్ళ బతుకు వీధిన పడ్డట్టే.

"నేను తేలుస్తాను ప్రభూ" అంది.

ప్రోలరాజు పకపకా నవ్వాడు. "తమలపాకులకి ఈనెలు తీసుకునేదానివి, మాకు తీర్పు చెప్తావా?"

నాగసాని తాంబూలం పళ్ళెం పక్కన పెట్టి రేవు వైపు వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా నిలువెల్లా తడిసి, రొప్పుతూ కొలువులోకి పరిగెత్తుకొచ్చింది.

"ప్రభూ! నౌక... అయ్యో, నౌక! అందులో రాణిగారి వీణ!"

రాణిగారి కోపం తెలియనివాళ్ళు అక్కడెవరూ లేరు.

"ఇవాళ నౌక ఎవరిది?" రాజు లేచి నిలబడ్డాడు.

"తమ్ముడిది!" అన్నాడు ప్రోలరాజు. "నాకసలు నీళ్ళంటేనే పడదు బావగారూ!"

"పచ్చి అబద్ధం! అన్నయ్యకి ఎప్పుడో వదిలేశాను. అందులో నాకు చెక్కముక్క కూడా లేదు!"

"నాకు మేకు కూడా లేదు!"

"అక్కగారి మీద ఒట్టేనా?" అంది నాగసాని.

"ఒట్టు!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. ఆ ఇద్దరికీ మాట కలవడం అదే మొదటిసారి.

నాగసాని తాపీగా కొంగు పిండుకుంది.

"నౌక రేవులో నిక్షేపంగా ఉంది ప్రభూ. వీణ నేను పెట్టినచోటే పదిలంగా ఉంది. తడిసింది నేనొక్కదాన్నే."

"మరి అయ్యో అన్నావేం?" ప్రోలరాజు గొంతు కీచుమంది.

"అంత చక్కటి నౌకకి ఇద్దరు యజమానులుండీ దిక్కు లేకపోయిందే అని అన్నానండీ!"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరిదీ కాదని తేలింది కదా, ఇక అది నీదే. పోతే..." అని గొంతు తగ్గించాడు. "అందులో నాకూ ఓ చిన్న వాటా ఇవ్వకూడదూ?"

"ఎక్కండి ప్రభూ, రోజూ ఎక్కండి. వాటా ఊసు మాత్రం ఎత్తకండి!"