చిప్పమ్మ పక్కన ఇంకో ఊపిరి

రాళ్లు కొట్టడం మానేసిన ఒక క్వారీ గుంతలో తాబేళ్ల కుటుంబం ఉండేది. ఎండాకాలం నీళ్లు అడుగంటేసరికి అందరూ కాలువకు బయల్దేరారు. చిప్పమ్మ ఒక్కతే మిగిలిపోయింది. ధ్యానం గురించి చెప్పేవాళ్లు ఇంద్రియాలను వెనక్కి లాక్కోవడానికి తాబేలునే ఉదాహరణగా చూపిస్తారని ఎక్కడో విన్నప్పటినుంచి, మోక్షం తన గుమ్మంలోనే ఉందని ఆమెకు గట్టి నమ్మకం. తలా కాళ్లూ లోపలికి లాక్కుని కూర్చుంటే ఇక లోకంతో పనిలేదు. వెళ్లే ముందు చెల్లెళ్లు డిప్ప మీద తట్టి పిలిచారు. అదంతా మనసు చేసే అల్లరి అనుకుని ఆమె పలకలేదు. తల బయటపెట్టేసరికి గుంతలో ఒక్క ప్రాణీ లేదు.

అయినా సాధన మానలేదు. మానేస్తే ఒంటరితనం తప్ప ఏమీ మిగలదు. మోక్షం వస్తే అదీ పోతుందని ఆశ.

ఆ దారిన తిరిగే నక్క దుబ్బయ్య ఈ సంగతి పసిగట్టాడు. డిప్పను కొరికితే ఊడేది తన పళ్లేనని తెలిసినవాడు. అందుకే దూరంగా కూర్చుని, లోపల ఏం చేస్తున్నావని మర్యాదగా అడిగాడు. మోక్షం కోసం కూర్చున్నానని జవాబొచ్చింది.

"దాక్కోవడం ధ్యానమెట్లా అవుద్దక్కా? అట్లాగైతే కలుగుల్లో ఎలకలన్నీ యోగులే," అన్నాడు దుబ్బయ్య. "మెడ బయటపెట్టి, కళ్లు మూసుకుని, ఊపిరిని గమనించు. తోడుగా నేను కూర్చుంటా."

మొదటి మాటకు చిప్పమ్మకు కోపమొచ్చింది. చివరి మాటకు మెడ దానంతటదే బయటికొచ్చింది.

దుబ్బయ్య తొందరపడలేదు. ఆకు కదిలినా ఆ మెడ లోపలికి పోతోందని గమనించుకున్నాడు. అందుకే రోజూ వచ్చి, నిన్నటికంటే కాస్త దగ్గరగా జరిగి కూర్చునేవాడు. చిప్పమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. తన ఊపిరి మీద ధ్యాస కుదిరేకొద్దీ పక్కనున్న ఊపిరి కూడా వినబడసాగింది. తనదొకటి సాగేలోపు అతనివి అరడజను అయిపోయేవి. ఆ లెక్క వింటూ ఉంటే గుంత అంత ఖాళీగా అనిపించేది కాదు. అతను రావడం ఆలస్యమైతే ఆమెకు ధ్యానమే కుదిరేది కాదు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆ పక్క ఊపిరి ఆగింది. దూకబోయే జంతువే అలా ఊపిరి బిగబడుతుంది. చిప్పమ్మ మెడా కాళ్లూ లాక్కుంది. మరుక్షణం డిప్ప మీద పటుక్కుమని చప్పుడైంది. దుబ్బయ్య కోరపన్ను విరిగి బురదలో పడింది.

మూతి పట్టుకుని చాలాసేపు మూలిగాక అడిగాడు. "కళ్లు మూసుకునే ఉన్నావుగా. ఎట్లా తెలిసింది?"

"ఊపిరి గమనించమన్నది నువ్వే కద స్వామీ," అంది చిప్పమ్మ డిప్పలోంచి. "నీది ఆగింది."

దుబ్బయ్య తోక ఈడ్చుకుంటూ గట్టెక్కాడు. వెనకనుంచి చిప్పమ్మ పిలిచింది.

"రేపు వస్తావా?"

"మళ్లీ ఎందుకు?"

"ఊరికే. ఆ గట్టు మీదే కూర్చో. ఇంత దగ్గరికొద్దు."

అతను ఆమెను వింతగా చూసి వెళ్లిపోయాడు. మరి రాలేదు. చిప్పమ్మ మాత్రం మెడ బయటే ఉంచి, కళ్లు మూసుకుని కూర్చుంది. గుంత మొత్తానికి వినబడుతున్నది ఒక్క ఊపిరే. నిదానంగా, ఆగి ఆగి, తనదే. దాన్నే వింటూ ఉండిపోయింది.

మోక్షం కోరేవాళ్లు కళ్లు మూసుకున్నా ఫరవాలేదు గాని, ఎరుకను మూసుకోకూడదు.