మెడ పైన తెల్లటి చదరం

గురువారం ఉదయం పదకొండుంబావుకి ఎబెన్ ట్రాస్క్ కిటికీ దగ్గర నిలబడి పెన్సిలు చెక్కుకుంటున్నాడు. పద్దెనిమిది వందల డెబ్భైలలో, అమెరికా తూర్పు తీరంలోని ఒక రేవు పట్నంలో, ఆయన ఒక వారపత్రికకు రాజకీయ వ్యంగ్యచిత్రాలు గీసేవాడు. ఆయన దగ్గర మూడేళ్లుగా పని నేర్చుకుంటున్న లోరెంజ్ హాకె అప్పుడే ఒక ప్రశ్న అడిగాడు.

"వాళ్లకి కోర్టుంది, పోలీసులున్నారు. మనకున్నది ఈ పెన్సిలు. దీంతో వాళ్లనేం చేయగలం గురువుగారూ?"

ట్రాస్క్ పెన్సిలు మొన చూసుకుని మళ్లీ చెక్కడం మొదలుపెట్టాడు.

లోరెంజ్ ఊరికే అడగలేదు. అతని అక్క నగర ధర్మాసుపత్రిలో నర్సు. రోగులకు పురుగుపట్టిన పిండితో రొట్టెలు చేసి పెడుతున్నారని ఆమే చెప్పింది. ఆ పిండి సరఫరా చేసేది నగరసభ సభ్యుడు కార్నీలియస్ బ్రెయిడ్. సోమవారం సభలో అతని కాంట్రాక్టు మరో రెండేళ్లు పొడిగించబోతున్నారు. అది ఆపాలని లోరెంజ్ శనివారం సంచికకు పేజీ నిండా బొమ్మ వేశాడు. పిండి బస్తా మీద కూర్చున్న బ్రెయిడ్, బస్తా కన్నాల్లోంచి పాకుతున్న పురుగులు, ఎదురుగా ఖాళీ పళ్లేలతో రోగులు.

ఆ రోజుల్లో బొమ్మను చెక్క మీద చెక్కి అచ్చు వేసేవారు. అంత పెద్ద చెక్క ఒకే ముక్కలో దొరకదు కాబట్టి పన్నెండు చిన్న ముక్కలను వెనకనుంచి బోల్టులతో బిగించేవారు. పని త్వరగా తెమలాలంటే వాటిని విప్పి తలా ఒక ముక్క చెక్కుడు పనివాళ్లకు పంచి, చెక్కాక మళ్లీ బిగించేవారు. లోరెంజ్ బొమ్మ అలా బిగిసి బల్ల మీద సిద్ధంగా ఉంది.

పదకొండున్నరకి బ్రెయిడే వచ్చాడు, ఇద్దరు పోలీసులతో, ఒక జడ్జి ఉత్తర్వుతో. బొమ్మ సంగతి పనివాళ్లలో ఎవరో అతని చెవిన వేసినట్టున్నారు. ట్రాస్క్ ఉత్తర్వును రెండుసార్లు చదివాడు. బ్రెయిడ్ ముఖం అచ్చు వేయకూడదు, ఆ ముఖం ఉన్న చెక్కను అప్పగించాలి అని ఉంది. ఆయన బొమ్మను బోర్లించి, పైవరసలో ఒక ముక్క బోల్టులు విప్పాడు. అరచేతిలో ఇమిడేంత ముక్క. దాన్ని బ్రెయిడ్ చేతిలో పెట్టాడు.

"మీ ముఖం ఇంతవరకే ఉందండి."

బ్రెయిడ్ దాన్ని వెలుతురుకి పట్టి చూసుకున్నాడు. "ముక్కు బాగానే కుదిరింది," అన్నాడు. "మిగతాది మీరే ఉంచుకోండి. నా పొట్ట మీద నాకంత మమకారం లేదు." పోలీసులు నవ్వారు. ముగ్గురూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

అక్క మొహం ఎలా చూడమంటారని లోరెంజ్ అడిగాడు. ఆ చోట పంది తల పెడదామన్నాడు. సంపాదకుడు వచ్చి, పూలకుండీ ఏదైనా పెట్టి గండం గట్టెక్కుదామన్నాడు. ట్రాస్క్ రెండూ వద్దన్నాడు. అదే కొలతకు నున్నటి చెక్కముక్క కోసి, సిరా అంటకుండా కాస్త పల్లంగా ఉండేటట్టు ఆ ఖాళీలో బిగించాడు. దాని మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదని చెప్పి, సంతకం చేసి అచ్చుకు పంపాడు.

శనివారం బొమ్మ అలాగే వచ్చింది. బస్తా మీద కోటు, ఉంగరాలు, పొట్ట. మెడ పైన తెల్లటి చదరం. సోమవారం సభలో పిండి కాంట్రాక్టు అంశం వచ్చినప్పుడు పొడిగింపు ప్రతిపాదించడానికి ఎవరూ లేవలేదు. అధ్యక్షుడు రెండుసార్లు అడిగి తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు.

మరో నాలుగు రోజులకి పత్రిక కార్యాలయానికి మూడు లాయరు నోటీసులు వచ్చాయి. పంపిన ముగ్గురూ నగరసభ సభ్యులే. వాళ్లలో బ్రెయిడ్ లేడు. ఆ తెల్లటి చోట చూపించింది తననేనని, దానివల్ల తన పరువు పోయిందని ఎవరికి వారు రాయించారు. లోరెంజ్ మూడూ పైకి చదివి వినిపించాడు.

"నువ్వు ఒక్కడినే గీశావు లోరెంజ్," అన్నాడు ట్రాస్క్.