సూది వార్తలు

ఎర్రగుట్ట మీద సెల్ టవరు లేచాక, కింద అడవిలో ప్రతి జీవి చేతికీ ఓ ఫోను వచ్చింది. ఎక్కడ మేత ఉందో, ఏ మడుగులో నీళ్ళున్నాయో అన్నీ అందులోనే. అయితే అందరూ ఎదురుచూసేది మాత్రం సూదయ్య అనే ఏదుపంది రాసే 'సూది వార్తల' కోసం. అవి ఉత్త ఎగతాళి వార్తలు. ఆ సంగతి తెలియడానికి పైన ఓ సూది బొమ్మ పెట్టేవాడు. "కుందేళ్ళ క్షేమం కోసం తోడేళ్ళతో కమిటీ" అని రాస్తే అడవంతా పడీ పడీ నవ్వేది. నవ్వాక కాస్త ఆలోచించేది కూడా. ఓసారి రాజుగారైన చిరుతపులే సిగ్గుపడి, తన కోసం అట్టేపెట్టుకున్న మడుగును అందరికీ వదిలేశాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. చిరుత సిగ్గు విడిచి మళ్ళీ మడుగుకి కాపలా పెట్టాడు. సూదయ్య వెంటనే రాశాడు: "అసలు దాహమో, దొంగ దాహమో తేల్చడానికి రేపు నాలుక పరీక్ష. అందరూ నాలుకలు చాపుకుని రావలెను."

మర్నాడు పొద్దున్నే భీమన్న అనే అడవిదున్న నాలుక వేలాడేసుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"ఇదేంటి భీమన్నా?" అన్నాడు సూదయ్య.

"పరీక్షంట కదా! తొందరగా వస్తే తొందరగా అయిపోద్దని..."

"అది ఎగతాళికి రాశానయ్యా! సూది బొమ్మ చూళ్ళేదూ?"

"నాకొచ్చినదాన్లో బొమ్మ లేదే!"

ఎవరో బొమ్మ కత్తిరించి పంపారు. చూస్తున్నవాళ్ళు నవ్వారు. సూదయ్యా నవ్వాడు. పొదచాటు నుంచి చూసిన నక్క జంబులు మాత్రం నవ్వలేదు. నేరుగా చిరుత గుహకి పోయాడు.

"ఆ ముళ్ళవెధవని ఇవాళే చీల్చేస్తా," అని గుర్రుమంటున్నాడు చిరుత.

"వద్దు ప్రభూ. చంపితే వాడి మాట బతుకుతుంది. ఒక్క విషయం చూడండి. సూది తీసేస్తే ఎగతాళి నిజమైపోయింది. మరి నిజానికి సూది తగిలిస్తే?"

చిరుత మీసం దువ్వుకున్నాడు.

అప్పట్నుంచీ రాజుగారి తప్పు ఏది బయటపడ్డా, దాని నెత్తిన సూది బొమ్మ ఎక్కడం మొదలైంది. కాపలా తోడేలు జింకను కరిచిందని జింకలు మొరపెట్టుకుంటే, సూది. మడుగు సగం ఎండిందని కొంగ రాస్తే, సూది. జనం నవ్వి ఇంకొకళ్ళకి పంపేవాళ్ళు. "అవి నావి కావు మొర్రో," అని సూదయ్య మొత్తుకుంటే దానికీ నవ్వేవాళ్ళు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా?

చివరికి రాజాజ్ఞ వచ్చింది: మడుగు మూత, ఇక అందరూ పడమటి వాగుకే పోవాలి. సూదయ్య ముందుగా వెళ్ళి చూశాడు. వాగు ఒడ్డున తుప్పల్లో దుమ్ములగొండులు నక్కి ఉన్నాయి. వాటి మధ్య జంబులు కూర్చుని ఎవరికెంత వాటా అని బేరమాడుతున్నాడు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

సూదయ్య అక్కడికక్కడే రాశాడు: "ఇది ఎగతాళి కాదు. మీ పిల్లల మీద ఒట్టు. పడమటి వాగు దగ్గర మనల్ని చంపడానికి కాచుకున్నారు. పోవద్దు."

నవ్వు బొమ్మలు వానలా కురిశాయి. "ఇన్నాళ్ళూ రాసినవి ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు!" అని ఎవరో మెచ్చుకున్నారు.

సూదయ్య ఫోను పారేసి పరిగెత్తాడు. దుప్పి చుక్కమ్మ అప్పటికే పిల్లను వెంటేసుకుని బయల్దేరింది. దారికి అడ్డంగా పడ్డాడు.

"చుక్కమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. వెళ్ళకు తల్లీ."

చుక్కమ్మ ఫక్కున నవ్వింది. "కన్నీళ్ళు కూడా తెప్పించుకున్నావే! నీకు నువ్వే సాటి అన్నయ్యా."

"నేను నవ్వించడానికి రాలేదమ్మా..."

"పొద్దున్నించీ బిడ్డ గొంతు తడవలేదు. అడ్డు తప్పుకో. వచ్చాక తీరిగ్గా నవ్వుకుందాం."

అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది. వెనకాలే భీమన్న, మిగతా మందంతా. సూదయ్య ముళ్ళు నిక్కబొడుచుకుని అరుస్తూనే ఉన్నాడు. దాటినవాళ్ళు దాటినట్టే నవ్వుతూ పోయారు.

వాగు నుంచి చాలామంది తిరిగి రాలేదు. భీమన్న రాలేదు. చుక్కమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది.

సూదయ్య ఎదురెళ్ళాడు.

"ఇన్నేళ్ళూ మమ్మల్నెందుకు నవ్వించావయ్యా?" అందామె. కోపంగా కూడా అనలేదు.

ఆమె అక్కడే కూలబడి ఫోను తీసింది. ఇలా రాసింది: "నా బిడ్డను వాగు దగ్గర చంపేశారు. మిగిలినవాళ్ళైనా వెళ్ళకండి."

కాసేపటికే అది అడవంతా తిరిగి మళ్ళీ ఆమె ఫోనుకే వచ్చింది. పైన సూది బొమ్మ ఉంది. కింద నవ్వు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి.

నీతి: ఏది ఎగతాళో ఏది ఏడుపో తెలియని చోట, దొంగకి వేరే కాపలా అక్కర్లేదు.