నూకరత్నం చెవిలో చిక్కిన నీరు

అనగనగా, గోదారి పాయ సముద్రంలో కలిసే చోట ఒక ఊళ్ళో నూకరత్నం అని ఏడేళ్ళ పిల్ల ఉండేది బుజ్జులూ. అందరూ నూకాలూ అని పిలిచేవారు. వాళ్ళ నాన్న సూరిబాబు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. వాళ్ళమ్మ మంగతాయారు కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేది.

తాడు ఎలా పేనుతారంటే, ఒక చివర రాట్నం ఉంటుంది. దాని కొక్కేనికి పీచు తగిలించి ఒకరు చక్రం తిప్పుతారు. ఇంకొకరు నడుముకి పీచు మూట కట్టుకుని, వేళ్ళతో పీచు అందిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తారు. వాళ్ళు నడిచినకొద్దీ తాడు పొడుగవుతుంది. బడి నుంచి రాగానే నూకాలు రాట్నం దగ్గర కూర్చునేది. వాళ్ళమ్మ పెరడు దాటి సందు చివరిదాకా వెళ్ళి "ఆపు" అని కేకేసేది. నూకాలు చక్రం ఆపేది. తల్లీకూతుళ్ళకి అదొక ఆటలా ఉండేది.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. నూకాలుకి జలుబు చేసింది. తగ్గింది. మళ్ళీ చేసింది. మళ్ళీ తగ్గి, మూడోసారి చేసింది. ఆ తర్వాత ముక్కు కారడం ఆగింది గానీ దిబ్బడ మాత్రం పోలేదు. నోరు తెరుచుకుని పడుకునేది. ఎంత గురక పెట్టేదంటే, పక్కింటి వాళ్ళు అది సూరిబాబు గురకే అనుకునేవారట.

ఆ జలుబు పోతూ పోతూ ఇంకొకటి కూడా వదిలేసి పోయింది. ఏ రోజుకారోజు మాటలు కొంచెం కొంచెం దూరం జరిగాయి. చెవుల్లో దూది కుక్కినట్టు, అందరూ గోడ అవతల నిలబడి మాట్లాడుతున్నట్టు ఉండేది నూకాలుకి. కానీ ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. చిన్నపిల్లకి ఎలా తెలుస్తుంది మరి.

అప్పుడు ఇంట్లో ఏమైందంటే, వాళ్ళమ్మ చెంబు తెమ్మంటే నూకాలు చెప్పు తెచ్చింది. రెండు మూడు సార్లు పిలిస్తే గానీ పలికేది కాదు. పలికితే అరిచినట్టు పలికేది. "ఇది మొండిఘటం అయిపోతోంది" అంది వాళ్ళమ్మ.

బడిలో జోసెఫ్ మాస్టారు లెక్క చెప్పమంటే కిటికీలోకి చూస్తూ కూర్చునేది. "దీనికి పరధ్యానం ఎక్కువైంది" అని మాస్టారు ఆ పిల్లని తీసుకెళ్ళి చివరి వరసలో కూర్చోబెట్టారు. అక్కడ ఆ కాస్తా వినపడ్డం మానేసింది.

ఆ తర్వాత తోటిపిల్లలు. వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడకుండా పోతోందని, "దానికి గీర, దాన్ని ఆటలోకి రానివ్వద్దు" అనుకున్నారు. నూకాలు ఒక్కతే గట్టు మీద కూర్చుని వాళ్ళ ఆట చూసేది.

ఒకరోజు సాయంత్రం తల్లీకూతుళ్ళు తాడు పేనుతున్నారు. మంగతాయారు సందు చివరికి వెళ్ళి "ఆపు" అంది. చక్రం తిరుగుతూనే ఉంది. మళ్ళీ కేకేసింది. అయినా తిరుగుతూనే ఉంది. తాడుకి పురి ఎక్కువై, మెలికలు పడి, మంగతాయారు వేళ్ళని చుట్టేసింది. చూపుడువేలు తోలు ఊడి వచ్చింది. చీరంతా రక్తం.

నూకాలు తలెత్తి చూసేసరికి వాళ్ళమ్మ పరిగెత్తుకు వస్తోంది. వచ్చీ రాగానే చెంప ఛెళ్ళుమనిపించింది. అమ్మ పెదవులు కదులుతున్నాయి గానీ ఏమంటోందో నూకాలుకి సగం కూడా తెలీలేదు. అమ్మ చేతి నుంచి కారుతున్న రక్తం మాత్రం కనపడింది.

ఆ పూట నూకాలు అన్నం తినలేదు. "అమ్మ ఆపు అని ఉంటుంది. నాకే తెలీలేదు. నేను చెడ్డపిల్లనైపోయాను" అనుకుంటూ చాప మీద ముడుచుకుని పడుకుంది.

మర్నాడు బడిలో జోసెఫ్ మాస్టారు ఆ పిల్ల చెంప మీద వాతలు చూశారు. దగ్గరికి పిలిచి, ముఖానికి ఎదురుగా వంగి, ఏమైందని అడిగారు. నూకాలు మొత్తం చెప్పింది. చివర్లో, "అమ్మ ఎప్పుడు అందో నాకు తెలీలేదు మాస్టారూ" అంది.

మాస్టారు ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నారు. తను ఎదురుగా ఉండి అడిగినప్పుడల్లా ఈ పిల్ల జవాబు చెబుతోంది. బోర్డు వైపు తిరిగి అడిగినప్పుడే చెప్పడం లేదు. అది ఆయనకి అప్పుడు తట్టింది. అప్పుడు ఆయన పిల్లలందరినీ గోడవైపు తిరిగి నిలబడమన్నారు. వెనక నుంచి మామూలు గొంతుతో, "ఎవరికి జీళ్ళు కావాలి?" అన్నారు. అందరూ గిర్రున తిరిగారు. నూకాలు ఒక్కతే గోడని చూస్తూ నిలబడింది.

మాస్టారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనే కదా దీన్ని చివరి వరసలో కూర్చోబెట్టాను అని బాధపడ్డారు. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి, "మంగతాయారూ, ఈ పిల్లది మొండితనం కాదమ్మా. దీనికి వినపడ్డం లేదు. చెవుల డాక్టరుకి చూపించండి" అని చెప్పారు.

మంగతాయారు కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ అలాగే కూర్చుండిపోయింది.

కానీ ఊళ్ళో సలహాలకి కొదవా. డాక్టరెందుకు, వెల్లుల్లి కాచిన నూనె పొయ్యమన్నారు ఒకరు. పోశారు. చెవి జిడ్డయింది గానీ వినపడలేదు. సాంబ్రాణి పొగ పట్టమన్నారు ఇంకొకరు. పట్టారు. నూకాలు కళ్ళు మండి ఏడ్చింది గానీ వినపడలేదు. ఆ తర్వాత సంతలో గుబిలి తీసేవాడి దగ్గరికి తీసుకెళ్ళారు. వాడు సన్నటి పుల్లతో గెలికి, ఇంత గుబిలి తీసి చూపించి, ఇక ఢంకా మోగినట్టు వినపడుతుందన్నాడు. ఇంటికొచ్చేసరికి చెవి నుంచి చిన్న రక్తపు చుక్క వచ్చింది. సూరిబాబు అది చూసి, "ఇక చాలు. రేపు పట్నం వెళ్దాం" అన్నాడు.

పట్నంలో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ పేరు సుభాషిణి. ఆవిడ ముందు నూకాలుకి ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది. ఒక చిన్న లైటు పెట్టి చెవిలోపలికి చూసింది. గోకిన చోట గీత తప్ప పెద్ద దెబ్బేమీ తగల్లేదని చెప్పింది. ఆ తర్వాత రెండు కొమ్ముల ఇనప చువ్వని మోకాలికి తట్టి, చెవి ముందు పెట్టింది. నూకాలుకి ఏమీ తెలీలేదు. దాన్నే చెవి వెనక ఎముకకి ఆనించింది. అప్పుడు నూకాలు ముఖం మారిపోయింది. "తుమ్మెద" అంది. డాక్టరమ్మ నవ్వి, "అదీ సంగతి. లోపల నరం బాగుంది" అంది.

మూడో పరీక్ష మిషను మీద చేశారు. చెవిలో మెత్తటి బిరడా పెడితే కాగితం మీద గీత గీస్తుందది. బాగున్న చెవికి కొండలాగా లేస్తుందట గీత. నూకాలుకి రెండు చెవులకీ ఇసక తిన్నె లేని ఒడ్డులా చదునుగా వచ్చింది.

మంగతాయారు బెదిరిపోయి, "నా బిడ్డ చెవిటిదైపోయిందా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. చెవిలో ఒక పల్చటి పొర ఉంటుంది, మద్దెలకి తోలులాగ. దాని వెనక చిన్న గది. ఆ గదికి గాలి వెళ్ళడానికి ముక్కు వెనక నుంచి ఒక సన్నటి గొట్టం. మీ అమ్మాయికి ముక్కు వెనక కండ పెరిగి ఆ గొట్టానికి అడ్డం పడింది. అందుకే నోటితో గాలి పీల్చడం, ఆ గురకాను. గాలి ఆడక గదిలో గంజిలాంటి నీరు చేరింది. మద్దెల నిండా గంజి పోసి వాయిస్తే మోగుతుందా? ఇదీ అంతే."

నూకాలు డాక్టరమ్మ పెదవుల వంకే చూస్తోంది. సగమే అర్థమైంది. కానీ అమ్మ ముఖంలో భయం కాస్త తగ్గిందని మాత్రం తెలిసింది.

"చాలామంది పిల్లలకి ఈ నీరు దానంతటదే ఇంకిపోతుంది. మూడు నెలలు చూద్దాం. చెవిలో నూనె వద్దు, పుల్ల వద్దు. మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడి మాట్లాడండి. బడిలో ముందు వరసలో కూర్చోబెట్టమనండి" అంది డాక్టరమ్మ. అని, నూకాలు చేతిలో ఒక బుడగ పెట్టింది. దానికి చిన్న గుండ్రటి మూతి ఉంది. ఒక ముక్కు మూసుకుని, రెండో ముక్కుతో ఆ బుడగ ఊదాలి. అలా ఊదితే గొట్టంలోకి గాలి పోతుందట.

ముక్కుతో బుడగ ఊదడం ఎప్పుడైనా విన్నావా బుజ్జులూ. మొదటిరోజు ఆ బుడగ కదలనైనా కదల్లేదు. రెండోరోజు నిమ్మకాయంత అయింది. వారం తిరిగేసరికి బత్తాయంత అయింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజుకి మూడుసార్లు ఊదేది. మంగతాయారు రాట్నం పని ఆపి మరీ పక్కన కూర్చునేది. జోసెఫ్ మాస్టారు తన కుర్చీ ఎదురుగానే నూకాలుకి చోటు వేశారు. నూకాలుని పిలవాలంటే ముందుకొచ్చి చెయ్యి ఊపాలని పిల్లలకి నేర్పారు. అప్పటినుంచి పిల్లలు ఆటలోకి రానిచ్చారు.

మూడు నెలలయ్యాయి. మళ్ళీ పట్నం వెళ్ళారు. మిషను గీసిన గీత ఎడమ చెవికి కాస్త లేచింది. కుడి చెవికి లేవలేదు. డాక్టరమ్మ ముక్కుకి పక్కనుంచి ఎక్స్‌రే ఫోటో తీయించి చూసింది. లోపలి కండ అలాగే ఉంది.

"దీన్ని ఇక తీసేద్దాం. చెవి పొరకి చిన్న గాటు పెట్టి నీరు లాగేసి, బియ్యపుగింజకన్నా చిన్న గొట్టం పెడతాను. ఏడాది లోపల అదే ఊడిపోతుంది, పొర మూసుకుంటుంది" అంది.

ఈ మాట ఊళ్ళో తెలిసి, చెవికి కత్తి తగిలితే ఉన్నది కూడా పోతుందని ఒకావిడ భయపెట్టింది. వెళ్ళాలా వద్దా అని భార్యాభర్తలు చాలాసేపు మాట్లాడుకున్నారు. అప్పుడు, వాళ్ళ పెదవుల వంకే చూస్తున్న నూకాలు మధ్యలోకి వచ్చి నిలబడి, "నేను వెళ్తాను. ఆ డాక్టరమ్మ నాకు తుమ్మెదని వినిపించింది" అంది. అంతే, ఇంకెవరూ మారుమాట్లాడలేదు.

ఆపరేషను రోజు అమ్మ చెయ్యి తలుపు దాకా పట్టుకునే వెళ్ళింది నూకాలు. లోపల ఆకుపచ్చ బట్టల వాళ్ళు చల్లటి మూకుడులాంటిది ముక్కు మీద పెట్టి, అంకెలు లెక్కపెట్టమన్నారు. ఒకటి, రెండు, మూడు దాకా గుర్తుంది. బయట మంగతాయారు గోడకి జారగిలబడి, మొక్కని దేవుడు లేడు. ముప్పావుగంటకి డాక్టరమ్మ బయటికొచ్చి, "కుడి చెవిలోనే ఇంత చిక్కటి నీరు వచ్చింది. అంతా బాగా జరిగింది" అంది.

నూకాలుకి మెలకువ వచ్చేసరికి గొంతు మంటగా ఉంది. కళ్ళు తెరవకముందే, ఎక్కడో టప్, టప్ అని చప్పుడు. అదేంటని చుట్టూ చూసింది. గది మూల కుళాయి కారుతోంది. ఆ చుక్కల్ని వింటూ అలాగే పడుకుంది. ఆ తర్వాత నర్సు గిన్నె ఠంగున పెడితే ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకుంది. "నెమ్మదిగా పెట్టండి" అంది. అన్నది కూడా నెమ్మదిగానే అంది. ఎన్నాళ్ళకో ఆ పిల్ల అరవకుండా మాట్లాడింది. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఇంటికి పంపారు. స్నానం చేసేటప్పుడు చెవుల్లోకి నీళ్ళు పోకుండా వాజలీను రాసిన దూది పెట్టమన్నారు, గొట్టం ఊడేదాకా కాలవలో ఈత వద్దన్నారు. సరేనని బస్సెక్కారు. నూకాలు కిటికీ పక్కన ముందు సీట్లో కూర్చుంది. అమ్మా నాన్నా వెనక సీట్లో కూర్చున్నారు. గాలికి నూకాలు తల వాల్చేసింది.

పిల్ల నిద్రపోయిందనుకుంది మంగతాయారు. భర్త వైపు వంగి, గుసగుసగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు అంది, "వినపడని పిల్లని కొట్టాను. ఈ చేత్తోనే కొట్టాను. అది నన్ను ఎన్నటికైనా క్షమిస్తుందా?"



అప్పుడు ముందు సీట్లోంచి, వెనక్కి తిరగకుండానే, చిన్న గొంతు పలికింది.

"నాకు కోపం లేదమ్మా."

మంగతాయారు లేచి ముందు సీట్లోకి వచ్చి, కూతుర్ని ఒళ్ళోకి తీసుకుంది. ఊరు వచ్చేదాకా అన్నీ గుసగుసల్లోనే చెప్పుకున్నారు ఇద్దరూ. ఒక్క మాట కూడా రెండోసారి చెప్పాల్సిన పని రాలేదు.

కథ కంచి దారి పట్టె,
కన్ను కునుకు దారి పట్టె.
చెప్పిన నోరు చాలించె,
విన్న చెవి తలగడపై వాలె.
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.