పేరమ్మ హోటల్లో వైఫై శాసనం

మందరగిరి రాజు నరసభూపతిగారికి పొరుగు రాజ్యంలో విందుకి వెళ్లొచ్చినప్పుడల్లా ఒక కొత్త పిచ్చి పట్టుకునేది. ఈసారి వైఫై పట్టుకుంది.

"వాళ్ల కోట ముందు కాఫీ హోటల్లో వైఫై ఉచితమట! మనమేం తీసిపోయాం?" అని, తన కోట గుమ్మానికి ఎదురుగా ఉన్న పేరమ్మ హోటల్లో పెట్టించేశారు. అంతటితో ఆగితే ఆయన రాజెందుకవుతారు? గోడ పక్కన రాతి మీద శాసనం కూడా చెక్కించారు. 'ఇచ్చట వైఫై ఉచితం. కూర్చున్నవారిని ఎవరూ లేవమనరాదు. ఆచంద్రార్కం.'

ఇంకేముంది! ఊరంతా హోటల్లోనే. ఒక్క కాఫీ చెప్పడం, ఫోను తీయడం, పొద్దు వాలేదాకా తలెత్తకపోవడం. ఆకలేసి వచ్చినవాళ్లు చోటు లేక, పులుసు వాసన చూసి వెళ్లిపోయేవారు.

ఆ కూర్చున్నవాళ్లలో అగ్రగణ్యుడు ఆస్థాన విదూషకుడు తాతంభొట్లు. మూల కుర్చీ అతనిది. కాఫీ చల్లారి మీగడ కట్టినా తాగేవాడు కాదు. తాగేస్తే ఇంకోటి చెప్పాల్సొస్తుందని భయం. "బద్ధకంలో నన్ను కొట్టేవాడు పుట్టలేదు. పుట్టినా, లేచొచ్చి నన్ను కొట్టడుగా!" అని తనే చెప్పుకుని తనే నవ్వుకునేవాడు.

ఒకరోజు పేరమ్మ చెంగు బిగించి సభకొచ్చింది.

"మహాప్రభో, వండింది వండినట్టే మిగిలిపోతోంది. నా హోటలు మీ ఊరికి రచ్చబండ అయిపోయింది. పొయ్యి ఆర్పేసి మా చెల్లెలి ఊరెళ్లిపోతాను, సెలవిప్పించండి."

రాజుగారికి చెమట పట్టింది. వైఫై ఆపితే మాట పోతుంది. లేవమంటే శాసనం పోతుంది. ఊరుకుంటే పేరమ్మ పోతుంది. పేరమ్మ చేతి పులుసు లేకుండా ఆయనకి ముద్ద దిగదు.

ఆస్థాన పండితుడు ఉద్దండ సోమయాజి శాలువా సవరించుకుని లేచాడు. "పాస్‌వర్డు మార్చేద్దాం ప్రభూ. నేను కూర్చిన సంస్కృత సమాసం పెడితే, నోరు తిరగక వాళ్లే పారిపోతారు."

పెట్టారు. ఆ సమాసం ఈ గోడ నుంచి ఆ గోడదాకా వచ్చింది. జనం పారిపోలేదు సరికదా, తప్పు కొట్టడం, పక్కవాణ్ణి అడగడం, మళ్లీ మొదలెట్టడం. అంత కష్టపడి తాళం తీశాక ఊరికే లేచిపోతారా? ఇంకా గట్టిగా అతుక్కున్నారు.

సోమయాజి తప్పు తన మీద వేసుకునే మనిషి కాదు. "ప్రభూ, జనానికి ఈ జబ్బు అంటించిందే తాతంభొట్లు. రోజూ మూల కుర్చీలో కూర్చుని దారి చూపించాడు" అన్నాడు.

రాజుగారి కోపానికి మనిషి దొరికాడు. "తాతంభొట్లూ, రేపటికల్లా ఉపాయం చెప్పు. లేదా నీ కొలువు సోమయాజిగారి మేనల్లుడికి ఇచ్చేస్తాను."

తాతంభొట్లుకి నిజంగానే భయమేసింది. నవ్వించడం తప్ప మరో విద్య రాదు. ఆ విద్యకి కూడా నవ్వేది రాజుగారొక్కరే, అదీ కడుపు నిండాక. ఏం చెయ్యాలో తోచక, అలవాటు చొప్పున వెళ్లి మూల కుర్చీలోనే కూలబడ్డాడు.

వంటింట్లో పేరమ్మ కొత్తావకాయ కలిపి జాడీకి ఎత్తింది. బేసిను అంచులకి అంటుకున్న పిండిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, ముద్దలు చేసింది. "నా వ్యాపారం ముంచినోడివే అయినా, ముందర తిను నాయనా" అని తాతంభొట్లు ముందు ఆకు ముక్క వేసి ఒక ముద్ద పెట్టింది.

కళ్లు మూసుకుని తిన్నాడు. చేతికి నూనె, నెయ్యి, కారం. ఫోను ముట్టుకోబోయి ఆగాడు. చిన్నప్పుడు ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకుని కూర్చుంటే వాళ్లమ్మ వీపు విమానం మోత మోగించేది. లేచి దొడ్లో కుళాయి దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆకు తీసేశారు, తడిగుడ్డ పెట్టేశారు, ఒక బట్టల వర్తకుడు కూర్చుని భోజనం చెబుతున్నాడు.

తాతంభొట్లు దెబ్బలాటకి నోరు తెరిచాడు. తెరిచిన నోటితోనే పకపకా నవ్వాడు.

లేవమనకుండానే అందర్నీ లేపుతానని తాతంభొట్లు మాటివ్వడంతో, మర్నాడు రాజుగారు సభని హోటలుకే తరలించారు. మూల కుర్చీలో సోమయాజి ఫోను పట్టుకుని కూర్చున్నాడు. "లేవమనకుండా నన్ను లేపవయ్యా, చూద్దాం!"

తాతంభొట్లు పేరమ్మకి సైగ చేశాడు. పేరమ్మ బేసిను పట్టుకుని బల్ల బల్లకీ తిరిగింది. "తినండి బాబూ, ఉచితమే!"

కొత్తావకాయ ముద్దని కాదన్నవాడు మందరగిరిలో ఇంకా పుట్టలేదు. ఊదుకుంటూ తిన్నారు, వేళ్లు నాకారు, వరసగా కుళాయి వైపు నడిచారు. బయట కాచుకున్న ఆకలిగొన్నవాళ్లు వచ్చి కూర్చున్నారు. చేతులు కడుక్కొచ్చినవాళ్లు గొడవ పెట్టలేదు. తిని లేచిన చోటు మళ్లీ నాదనడం ఆ ఊళ్లో మర్యాద కాదు. పైగా ముద్ద రుచికి ఆకలి లేచి, వాళ్లే భోజనాల వరసలో నిలబడ్డారు.

సోమయాజి గట్టివాడు. కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో ఫోను నొక్కాడు. అంతలో కారం నషాళానికి అంటింది. మంచినీళ్ల గ్లాసుకి ఎడమచెయ్యి కావాలి. ఫోను కింద పెట్టాడు. ముక్కు కారింది, కళ్లు కారాయి, కుడిచెయ్యి ఎండసాగింది. అటూ ఇటూ చూసి గబుక్కున లేచి కుళాయి దగ్గరికి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి మూల కుర్చీలో రాజుగారు కూర్చుని, పులుసు వడ్డించమంటున్నారు.

"అన్యాయం ప్రభూ! ఇది శాసనధిక్కారం!" అన్నాడు సోమయాజి ముక్కు తుడుచుకుంటూ.

తాతంభొట్లు చేతులు జోడించాడు.

"ప్రభూ, శాసనంలో లేవమనకూడదని ఉంది గానీ, తినమనకూడదని లేదు!"

రాజుగారు నవ్విన నవ్వుకి పొలమారింది. "ఇంత ఉపాయం ఎలా తట్టిందయ్యా?"

"ఏముంది ప్రభూ! నాకన్నా సోమరి ఈ రాజ్యంలో లేడు. నన్ను లేపగలిగింది ఎవరినైనా లేపుతుంది."

హోటలంతా గొల్లుమంది. పేరమ్మ కూడా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కొలువు నీదే. ఇంకేం కావాలో కోరుకో!"

"ఆ మూల కుర్చీ ప్రభూ. ఆచంద్రార్కం."

"ఇచ్చాం!" అని రాజుగారు చెయ్యి కడుక్కోడానికి లేచారు. ఆకు తీశారు, తడిగుడ్డ పెట్టారు. తాతంభొట్లు దర్జాగా కూర్చుని ఫోను తీశాడు.

"అయ్యో, ఈ పూట నీకు పెట్టనేలేదు!" అంటూ పేరమ్మ ఆఖరి ముద్ద తెచ్చింది.

తాతంభొట్లు ఫోను వంక చూశాడు, కుర్చీ కోసం కాచుకున్న బట్టల వర్తకుడి వంక చూశాడు, నిట్టూర్చి చెయ్యి చాపాడు.