జవ్వాజి కలిపిన పిల్లిమన్ను

ఒకానొక కాలంలో, సముద్రంలోకి చొచ్చుకుపోయిన గుట్ట మీద రాళ్లకోట అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ గుట్ట ఎక్కడ తవ్వినా రాయే. పిడికెడు మన్ను కావాలన్నా ఓడలో రావలసిందే. ఓడల్లో సరుకుతోపాటు ఎలుకలూ దిగేవి గనుక, ఇంటికొక పిల్లిని పెంచి తీరాలని అక్కడ శాసనం. పిల్లికేమో గీరి కప్పెట్టుకోవడానికి మన్ను కావాలి. సముద్రపు ఇసుక తెచ్చి పోస్తే ముద్దకట్టి ఇల్లంతా నీచు కంపు కొట్టేది.

ఆ రాజ్యాన్ని కీర్తిభూషణ మహారాజు ఏలేవాడు. మంచివాడే గాని ఒట్టి డాబు మనిషి. జవ్వాజి అంటే ఆయనకు ప్రాణం. రాజ్యంలో ఆయన తప్ప మరొకరు జవ్వాజి పూసుకోరాదు. అది తగిలిన వస్తువేదైనా సాక్షాత్తూ రాజుతో సమానం. ఆ పరిమళం సోకగానే లేచి దండం పెట్టాలి. దాన్ని మైలపరచినవాణ్ణి ఓడ ఎక్కించి దేశం దాటించేవారు. ఒకసారి పొరుగుదేశపు రాయబారి తెలియక జవ్వాజి చల్లిన తివాచీ మీద కాలు మోపి, తెచ్చిన కానుకలతో సహా వెనక్కి పోయాడు పాపం.

ఆ కొలువులో బయ్యన అనే చమత్కారి ఉండేవాడు. సభలో అందరినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు. ఇంటికి వెళితే పలకరించే దిక్కు లేదు. ఏడాది కిందట భార్య కామాక్షి జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆమె పెంచిన మాలచ్చి అనే ముసలిపిల్లి ఒక్కటే మిగిలింది. బయ్యన అన్నం వండి, "ఉప్పెక్కువైందా మాలచ్చీ?" అని అడిగేవాడు. అది మూతి తిప్పుకునేది. ఆపాటి జవాబైనా ఆ ఇంట్లో ఇంకెవరిస్తారు? ఒంటరితనం ఎంత చెడ్డదంటే, పిల్లి అలిగినా మనిషికి సంబరంగానే ఉంటుంది.

ఒకనాడు రాజుగారికి, పిల్లులకు తగిన మన్ను పైదేశం నుంచి తెప్పించి తన ముద్ర వేసి అమ్మాలని బుద్ధి పుట్టింది. ఏ మన్ను మంచిదో తేల్చమని బయ్యనకు ఒప్పజెప్పాడు.

ఓడ వర్తకుడు రెండు రకాలు తెచ్చాడు. ఒకటి పాలలా తెల్లటి సుద్దపొడి. రెండోది బూడిద రంగు బంకమట్టి పలుకులు. బయ్యన రెండూ ఇంటికి తీసుకుపోయి మాలచ్చి ముందు పెట్టాడు. అది బూడిదరంగుదే ఎంచుకుంది. తడి తగలగానే ఆ మట్టి ఉండకట్టింది. ఉండ తీసి పారేస్తే మిగిలింది శుభ్రంగా ఉంది, కంపు లేదు. బయ్యన ఆ మాటే విన్నవించాడు.

"ఛీ!" అన్నాడు రాజు. "రాళ్లకోట మహారాజు బూడిద అమ్ముకుంటున్నాడని నలుగురూ నవ్వరా? తెల్లదే తెప్పించండి. అందులో మా జవ్వాజి కలపండి. మా ప్రజల పిల్లులు కూడా మా పరిమళం అనుభవించాలి!"

బయ్యన నోరు తెరిచేలోపే రాజు సింహాసనం దిగిపోయాడు. ఆయన లేచాక ఇక మాట్లాడేదేముంది?

తెల్లమన్ను వచ్చింది. ఇంటింటా కొన్నారు. పిల్లులు వాసన చూసి, తుమ్మి, తోక తిప్పుకుని పోయాయి. ఒకటి బియ్యపు చాటలో పని కానిచ్చింది. ఇంకొకటి ఉయ్యాలలో. రాజుకు ఒళ్లు మండిపోయింది. "మా ముద్ర వేసిన మన్నును ధిక్కరించిన పిల్లిని ఓడ ఎక్కించండి!" అన్నాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా?

మొట్టమొదట దొరికింది మాలచ్చే. కొత్వాలు ఆరేసుకున్న తలపాగాలో కూర్చుని దొరికిపోయింది. కొత్వాలు దాన్ని బుట్టలో వేసి మూత బిగించి, "రేపు సాయంత్రమే ప్రయాణం" అని చాటించాడు.

ఆ పూట బయ్యన ఎప్పటిలాగే అన్నం వండాడు. "ఉప్పు..." అని ఆగిపోయాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. కామాక్షి పోయిననాడు ఓదార్చడానికి ఊరంతా వచ్చింది. పిల్లి కోసం ఏడ్చేవాణ్ణి ఎవరోదారుస్తారు?

మర్నాడు సభ నిండుగా ఉంది. బయ్యన పట్టుగుడ్డ కప్పిన పళ్లెం రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చాడు. జవ్వాజి గుప్పుమంది. అలవాటు కొద్దీ సభ యావత్తూ లేచి నిలబడింది. కొత్వాలైతే సాగిలపడ్డాడు.

బయ్యన గుడ్డ తీశాడు. పళ్లెంలో తెల్లటి పిల్లిమన్ను!

"కొత్వాలుగారూ, లేవండి. తమరు దీని మీద ఓసారి కూర్చుంటారా?"

"శివశివా! రాజపరిమళం మీదనా? నా పిల్లలు అనాథలు కావాలనా?"

"అయితే దీన్ని మైలపరచిన ప్రాణికి ఏం శిక్ష?"

"ఓడ ఎక్కించడమే!"

"మైలపరచని పిల్లికి?"

"అదీ... ఓడ ఎక్కించడమే" అని కొత్వాలు నీళ్లు నమిలాడు.

బయ్యన రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు. "ప్రభూ, నా పిల్లి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరులేని జీవి, పెద్దలనడిగే వీలు లేదు. ఏలినవారి పరిమళాన్ని మైలపరచడం కన్నా కొత్వాలుగారి తలపాగాను మైలపరచడమే చిన్న తప్పని తోచినట్టుంది. నిన్న బియ్యపు చాటల్లో, ఉయ్యాలల్లో కూర్చున్నవన్నీ మీ మీది భక్తితోనే కూర్చున్నాయి!"

రాజు మీసం వణికింది. సభలోని వాళ్లు కోపమనుకున్నారు. కాదు, నవ్వు. సింహాసనం కదిలిపోయేలా నవ్వాడు.

"ఓడిపోయామయ్యా! బుట్ట మూత తియ్యండి. ఆ బూడిదరంగు మన్నే తెప్పించండి. మరి ఈ తెల్లదేం చెయ్యను?"

"సున్నంలో కలిపి కోటకు వెల్ల వేయించండి ప్రభూ. గోడలకు కూడా దండాలు దొరుకుతాయి."

రాజు మళ్లీ నవ్వి, మెడలో ముత్యాలహారం తీశాడు. బయ్యన రెండడుగులు వెనక్కి వేశాడు.

"హారం నాకెందుకు ప్రభూ? వేసుకుని ఎవరికి చూపించను? తమరు ఇక్కడ నవ్విన నవ్వు, ఒక్కసారి మా ఇంటికొచ్చి నవ్వండి. చాలు."

రాజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నవ్వు మొహం నుంచి మెల్లగా జారిపోయింది. రోజూ తనను నవ్వించే మనిషి ఇంటికెళ్లి ఏం చేస్తాడో ఆయన ఏనాడూ అడగలేదు.

ఆ సాయంత్రం పల్లకీ లేకుండా, బూరలు లేకుండా, జవ్వాజి కూడా పూసుకోకుండా రాజు బయ్యన ఇంటికి వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. కొత్వాలు సాగిలపడిన తీరు బయ్యన మళ్లీ చేసి చూపించాడు. రాజు పగలబడి నవ్వాడు.

ఆ చప్పుడుకు మంచం కింద ఉన్న మాలచ్చి ఉలిక్కిపడి బయటికి వచ్చింది. రాజును కాదు, బయ్యనను చూసింది. అతనూ నవ్వుతున్నాడు.