బూడిద గీతల తిరుపాలు

నల్లబండపల్లెలో తిరుపాలు అనే రైతు ఉండేవాడు. మంచి కష్టజీవే గానీ ఒళ్లంతా అనుమానం. కొట్లో పప్పు కొంటే ఇంటికొచ్చి మళ్లీ తూచుకునేవాడు. కుండ మీద మూత కాస్త పక్కకి జరిగుంటే చాలు, "ఎవరొచ్చారు?" అనేవాడు.

"పిల్లి వచ్చింది" అనేది పెళ్లాం రవణమ్మ.

"అది దానంతటదే వచ్చిందా, ఎవరన్నా తోలారా?" అనేవాడు. ఆమె పొయ్యి వైపు తిరిగేది.

ఆ ఊరి నేల గరుపు నేల, మట్టి కన్నా గులకరాళ్లే ఎక్కువ. వానలు అంతంతమాత్రం. వేరుశనగ వేసి వేసి నష్టపోయి, ఆ ఏడు తిరుపాలు ఆముదం వేద్దామనుకున్నాడు. మనం ఆముదం అంటే ఏమనుకుంటాం? తలకి రాసుకునేది, చిన్నప్పుడు ముక్కు మూసి తాగించేది, అంతే కదా. కానీ అలా ఇళ్లల్లోకి వచ్చేది చాలా కొంచెం. మిగిలిందంతా ఫ్యాక్టరీలకే పోతుంది. యంత్రాలకు కందెన దాంతో చేస్తారు, రంగుల్లో కలుపుతారు, సబ్బుల్లో వేస్తారు. అందుకని కొనేవాళ్లు ఊళ్లోకే లారీ తెచ్చుకుని వస్తారు. ఎండకి తట్టుకునే పంట, అమ్ముడుపోయే పంట. తిరుపాలుకి ఇంకేం కావాలి.

పక్క చేను ఓబులమ్మది. మొగుడు పోయాక ఆ చేను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఎన్నో ఏళ్లుగా ఆముదమే వేస్తోంది. ఈయన ఆముదం వేస్తున్నాడని తెలిసి ఆమే ఇంటికొచ్చింది.

"తిరుపాలూ, మా గింజలున్నాయి, విత్తనానికి తీసుకుపో. మన నేలకి అలవాటు పడ్డవి" అంది.

"చూస్తాలే వదినా" అన్నాడు తిరుపాలు. ఆమె వీధి దాటాక రవణమ్మతో, "ఊరికే ఎందుకిస్తుంది? పుచ్చువి మనకి అంటగట్టాలని కాకపోతే?" అన్నాడు. పట్నం పోయి కొట్లో కొత్త రకం తెచ్చాడు. ఆ గింజలు పెద్దవి, ఎర్రగా ఉంటాయి. ఓబులమ్మవి చిన్నవి, నల్లవి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీనిమీదే ఉంది.

ఆముదంతో ఇంకో సంగతుంది. పంటంతా ఒకేసారి చేతికి రాదు. ముందు నడి గెల ఎండుతుంది, తర్వాత పక్క కొమ్మల గెలలు, ఆ తర్వాత మళ్లీ కొన్ని. ఏ గెల ఎండితే ఆ గెల అప్పటికప్పుడు కోసుకోవాలి. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. అందుకే ఆ ఊళ్లో ఆడవాళ్లు గుంపు కట్టేవాళ్లు. ఇవాళ నీ చేలో, రేపు నా చేలో. కూలి లేదు, చేతికి చెయ్యి బదులు. ఆ గుంపుకి ఓబులమ్మే పెద్ద. రవణమ్మ కూడా అందులో చేరింది. మొదటి కోత సరదాగా, నవ్వుకుంటూ అయిపోయింది.

కోసిన కాయల్ని ఊరి బయట పెద్ద రాతిబండ మీద ఆరబోసుకుంటారు. ఎవరి చోటు వాళ్లది. తిరుపాలు చోటు ఓబులమ్మ చోటు పక్కనే వచ్చింది. ఆయనకి నిద్ర పడుతుందా మరి? వాళ్ల నాన్న జొన్నలు కళ్లంలో రాశి పోసినప్పుడు పైన బూడిదతో గీతలు గీసేవాడు. ఎవడన్నా చెయ్యి పెడితే గీత చెరిగిపోయి తెలిసిపోతుందని. ఊళ్లో అందరికీ తెలిసిన పద్ధతే అది. తిరుపాలు కూడా పొద్దున్నే గుప్పెడు బూడిద తెచ్చి ఆరబోసిన కాయల మీద నిలువునా అడ్డంగా గీతలు గీశాడు. ఎండ నెత్తికెక్కాక ఇంటికి పోయి అన్నం తిని నడుం వాల్చాడు.

సాయంత్రం వచ్చి చూస్తే గీతలు చెదిరిపోయి ఉన్నాయి. కోడి కెలికినట్టు.

మర్నాడూ గీశాడు. మర్నాడూ అంతే. కింద కొన్ని ఉత్త తొక్కలు కూడా కనపడ్డాయి. కాయలో ఉండాల్సిన గింజ లేదు.

తిరుపాలుకి ఒళ్లు మండిపోయింది. మిట్టమధ్యాహ్నం ఈ బండ దగ్గర ఉండేదెవరు? అందరూ ఇళ్లకి పోతారు. ఓబులమ్మ ఒక్కతే బండ పక్కనున్న వేపచెట్టు కింద గోనెపట్ట పరుచుకుని కూర్చుంటుంది. ఎందుకు కూర్చుంటుంది? ఇంటికి పోవచ్చుగా? మెల్లిగా ఆమె చోటు దగ్గరికి పోయి వంగి చూశాడు. నల్లగింజల మధ్య ఎర్రగింజలు. ఒకటీ అరా కాదు, అక్కడక్కడా చాలానే ఉన్నాయి. ఎర్రగింజలు ఊళ్లో తనకి తప్ప ఎవరికీ లేవు.

అప్పటికే నలుగురూ కాయలు కుప్ప చేసుకోడానికి వచ్చారు. వాళ్లందరి ముందే తిరుపాలు ఎర్రగింజలు ఏరి అరచేతిలో పెట్టుకుని, "వదినా, ఇవి ఎవరివి?" అన్నాడు.

"నీవే" అంది ఓబులమ్మ మామూలుగా.

"మరి నీ దాంట్లోకి ఎట్లా వచ్చినయ్?"

"ఎట్లా వస్తయ్? ఎండకి కాయ పేలితే గింజ ఎగురుద్ది. అటూ ఇటూ పడతయ్."

"ఓహో. గింజలకి రెక్కలొచ్చినయ్. నేనూ ఇన్నేళ్ల నుంచి సేద్యం చేస్తున్నా, జొన్న ఎగరలా, శనక్కాయ ఎగరలా. నీ పక్కన పోసిన ఆముదమే ఎగిరిందా?"

ఓబులమ్మ ముఖం మాడిపోయింది. "మధ్యాహ్నం ఒక్కరోజు ఇక్కడ కూర్చో, నీకే తెలుసుద్ది" అంది.

"కూర్చున్న రోజు నువ్వు తియ్యవుగా" అన్నాడు తిరుపాలు.

ఆ మాటకి కాయలు కుప్ప చేస్తున్నవాళ్లంతా తలెత్తి చూశారు. వాళ్లలో పెద్దాయన నాగయ్య, "తప్పు మాట రా తిరుపాలూ" అన్నాడు. ఈయన వింటేగా. నాగయ్యకి కూడా వాటా ఉందేమో అని ఒక చూపు చూశాడు. ఆ సాయంత్రమే సగం ఆరిన కాయల్ని గోతాలకెత్తి ఇంటికి మోసుకొచ్చాడు. పెరట్లో రేకుల గదిలో నేల మీద పోసి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. రవణమ్మతో, "రేపట్నుంచి ఆ దొంగ గుంపులోకి పోబాక" అన్నాడు.

"పోకపోతే మన చేలోకి ఎవరొస్తారు?" అంది ఆమె.

"రాకపోతేనే మంచిది."

మర్నాడు మధ్యాహ్నం అన్నం కూడా ఆ గది గుమ్మం ముందే తిన్నాడు. కర్ర పక్కన పెట్టుకుని తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. రేకులు నిప్పుల్లా కాలుతున్నాయి. కాసేపటికి లోపల 'టప్' మని వినపడింది. తిరుపాలు చెవులు రిక్కించాడు. మళ్లీ టప్. ఆ వెంటనే ఏదో గోడకి తగిలి దొర్లిన చప్పుడు.

లోపల మనిషున్నాడు. నిన్న గోతాలు మోసే హడావిడిలో దూరి ఉంటాడు. తలుపు తీస్తే తనని నెట్టేసి పారిపోతాడు. తిరుపాలు గొళ్లెం గట్టిగా పట్టుకుని, "దొంగ దొరికాడు, రండి" అని కేకలు పెట్టాడు. వీధంతా కర్రలు పట్టుకుని వచ్చింది. నాగయ్య వచ్చాడు. కోత గుంపు ఆడవాళ్లూ వచ్చారు, వాళ్లతో ఓబులమ్మ కూడా వచ్చింది.

"ఎవడు రా లోపల?" అన్నాడు నాగయ్య.

"తెలీదు మామా. కాయలు ఒలుస్తున్నాడు. చప్పుడు విను."

అందరూ విన్నారు. టప్. టప్ టప్. గుంపులో ఒకామె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగయ్యకి కూడా సంగతి అర్థమైనట్టుంది, "తాళం తియ్యి" అన్నాడు.

తిరుపాలు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి తాళం తీశాడు. తలుపు తోస్తే లోపల మనిషి లేడు, పిల్లి కూడా లేదు. నేలంతా గింజలే, గోడల వారంతా గింజలే. నాగయ్య గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడో లేదో, టప్ మని ఒక కాయ పేలి గింజ వచ్చి ఆయన చెంపకి తగిలింది. ఆయన చెంప రుద్దుకుంటూ వంగి ఆ గింజ తీసి తిరుపాలు చేతిలో పెట్టాడు.

"ఇదిగో రా నీ దొంగ. కట్టెయ్" అన్నాడు.

జనం పడీపడీ నవ్వారు. ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికి వచ్చి నేల మీద నుంచి గింజలు ఏరి తిరుపాలుకి చూపించింది. చిన్నవి, నల్లవి.

"ఇవి ఎవరివి తిరుపాలూ?"

తిరుపాలు వంగి ఆ గింజల్ని దగ్గరగా చూశాడు.

"నావి. బండ మీద నీ కాయల్లోకి ఎగిరినయ్. గోతాలకెత్తి తెచ్చుకున్నావ్. నా దాంట్లో ఎర్రవి ఏరావుగా, నీ దాంట్లో నల్లవి ఉన్నయ్యేమోనని ఒక్కసారన్నా చూసుకున్నావా?" అంది. ఆ గింజలు మళ్లీ అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే చేలో రెండో విడత గెలలు ఎండాయి. అసలు పంట అదే, మొదటి కోత కన్నా ఎక్కువ. తిరుపాలు ఓబులమ్మ ఇంటికి పోయాడు. అరుగు మీద గుంపంతా ఉంది. "తప్పయింది వదినా" అన్నాడు. నిజంగానే అన్నాడు. కోతకి గుంపుని రమ్మని కూడా అడిగాడు.

"నాకు బాధ లేదని చెప్పను. కానీ అది మెల్లిగా పోద్దిలే. గుంపు సంగతి నా ఒక్కదాని చేతిలో లేదు, వాళ్లనడుగు" అంది ఓబులమ్మ.

గుంపులో ఒకామె అంది. "మేం నీ చేలో అడుగుపెడితే, రేపు ఒక గెల తగ్గితే ఎవర్నంటావు అన్నా? మా చెంగులో ఒక ఎర్రగింజ చిక్కుకుని ఇంటికొచ్చిందనుకో, మా గతేంటి?"

ఇంకొకామె, "రవణక్క మా చేలకి రావడం మానేసింది. ఆమె బాకీ మాకు లేదు, మా బాకీ ఆమెకు లేదు" అంది. తిరుపాలు తల వంచుకుని ఇంటిదారి పట్టాడు. మానిపించింది తనేగా.

మొగుడూ పెళ్లాం ఇద్దరే చేలోకి దిగారు. ఈ చివర కోస్తుంటే ఆ చివర ఎండుతోంది. ఎండ ముదిరింది. చేను నడిమధ్యలో టప్ మంది. తర్వాత అటు వైపు, ఇటు వైపు, కాసేపటికి చేనంతా. గింజలు గరుపు రాళ్ల మధ్యలోకి, ముళ్లకంపల్లోకి ఎగిరి పడుతున్నాయి. తిరుపాలు మోకాళ్ల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.

"చాల్లే లెయ్యి" అంది రవణమ్మ. "గెలల మీద ఉన్నదన్నా దక్కించుకుందాం."

చూశారుగా. ఓబులమ్మ ఒక్క గింజ ముట్టుకోలేదు. తిరుపాలు పంట పోయింది, పోగొట్టింది మాత్రం అతని అనుమానమే. మన సొమ్ము మనం జాగ్రత్తగా చూసుకోవాలి, తప్పులేదు. కానీ కళ్లారా చూడకుండా, చెప్పింది వినకుండా సాటి మనిషిని దొంగ అనకూడదు. అనుమానంతో మనుషుల్ని దూరం చేసుకున్నవాడికి చివరికి సొమ్మూ దక్కదు, మనుషులూ దక్కరు.